కాలుతోందని చెప్పని మరియమ్మగారు

నేను తయారుచేసిన మైక్రోవేవ్ యంత్రాన్ని ఈ మధ్యాహ్నం ఆసుపత్రిలో మొదటిసారి మనిషి మీద పెట్టాం. ఇన్నాళ్లూ మనిషి కండలా వేడెక్కేందుకు ఉప్పు కలిపిన జెల్లీ ముద్దల మీదే పరీక్షించాను. పామర్రు నుంచి వచ్చిన మరియమ్మగారి మెడ మీది కేన్సర్ గడ్డను వేడితో తగ్గించాలని డాక్టరుగారి ప్రయత్నం. స్విచ్ నేనే వేశాను.

“కాలుతోందా అమ్మా?” అని రెండుసార్లు అడిగాను.

“లేదు బాబూ, కానియ్యండి.”

ఆమె కళ్లలో నీళ్లు చూసి గబుక్కున ఆపేశాను. చర్మం ఎర్రగా కందిపోయింది. అదృష్టం, బొబ్బ రాలేదు.

“ఎందుకు చెప్పలేదమ్మా?”

“చెబితే ఇక వైద్యం మానేస్తారని భయమేసిందండీ.”

ఇంటికొచ్చినా అదే ఆలోచన. కందినది మానాక ఆమె మళ్లీ వస్తారు. అప్పుడు నిజం చెప్పించడం ఎలాగో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. నా ఇంజనీరింగు చదువులో ఆ పాఠం లేదు.