పోలిక పట్టికలో మొదటి వరుస

2010 నవంబరు మొదటి వారంలో నన్ను సికింద్రాబాదులోని పరిశోధన విభాగం నుంచి శంషాబాదు శాఖకు ఆరు నెలల డిప్యుటేషన్ మీద పంపారు. మాది షేర్ బ్రోకింగ్ సంస్థ. నేను సీనియర్ అనలిస్టును. బ్యాంకుల లెక్కలు చదివి, వాటి షేర్లు కొనవచ్చో లేదో రాయడం నా పని. విమానాశ్రయం, ఔటర్ రింగు రోడ్డు వచ్చాక చుట్టుపక్కల ఊళ్లలో నష్టపరిహారం డబ్బు చేరిందని మా యాజమాన్యం కాస్త ఆలస్యంగా కనిపెట్టింది. ఆ డబ్బుకు మంచి దారి చూపాలన్న ఆరాటంతో శాఖ తెరిచింది. ఆ దారి మా బ్రోకరేజీ మీదుగా పోవడం యాదృచ్ఛికం.

శాఖ మేనేజరు ప్రసాదు హోదాలో నాకంటే ఒక మెట్టు కింద, టార్గెట్ల చింతలో పది మెట్లు పైన. నెలాఖరున అతను తుక్కుగూడ వైపు నుంచి ఇద్దరు అన్నదమ్ములను తీసుకొచ్చాడు. పెద్దవాడు జంగయ్య, చిన్నవాడు నర్సింహ. రోడ్డు కింద వాళ్ల పొలం పోయింది. పరిహారంతో మంఖాల్ దగ్గర నాలుగెకరాలు కొనడానికి బయానా ఇచ్చారు. అమ్మేవాళ్ల కాగితాలు సరికావాలి గనుక రిజిస్ట్రేషన్ వచ్చే ఏడాది డిసెంబరులో. అప్పటిదాకా డబ్బు ఊరికే ఉంటుందని వాళ్లకంటే ప్రసాదు ఎక్కువ బాధపడ్డాడు. బ్యాంకు షేర్లు కొనమన్నాడు. అన్నదమ్ములు ఒప్పుకున్నారు. ఏ బ్యాంకువన్నదే వాళ్ల తగవు.

ఊళ్లో రెండు పాత ప్రైవేటు బ్యాంకుల శాఖలు ఉండేవి. ఒకదానిది పచ్చ బోర్డు, అక్కడ జంగయ్య ఖాతా. ఇంకోదానిది నీలం బోర్డు, అక్కడ నర్సింహ ఖాతా.

"పచ్చ బోర్డుల నాకు కుర్చీ ఏస్తరు మేడం. చాయ్ తెప్పిస్తరు. అసోంటి బ్యాంకు ఎట్ల పడ్తది?" అన్నాడు జంగయ్య.

"కటింగు దుకాణంల గూడ కుర్చీ ఏస్తరన్నా. ఆడ పెడ్తవా పైసలు?" అన్నాడు తమ్ముడు. నీలం బోర్డులో ఏసీ ఎన్నడూ ఆగలేదన్నది అతని ఆధారం.

నేను చూసేవి వేరు. మొండి బకాయిలు, అంటే తొంభై రోజులు దాటినా వాయిదా రాని అప్పులు, ఎంత ఉన్నాయి? పుస్తక విలువ, అంటే బ్యాంకు తన బాకీలన్నీ తీర్చాక ఒక్కో షేరుకు మిగిలే ఆస్తి, ఎంత? మార్కెట్ ధర దానికి ఎన్ని రెట్లు? ఈ లెక్కన నీలం బోర్డుదే పైచేయి. అయితే ఆ తగవు తీర్చడానికి రాసిన నివేదికలో, పోలిక పట్టికలో మొదటి వరుస నేను వేరే పెట్టాను: డబ్బు ఎప్పుడు కావాలి? ఏడాదిలో. కాబట్టి రెండూ వద్దు.

ప్రసాదు ఆ వరుస కొట్టేశాడు. "మేడమ్ గారూ, ఇది బ్యాంకుల పోలిక కదండీ. ఆ వరుస బ్యాంకుల గురించి కాదు కదా," అన్నాడు. తర్కంలో లోపం లేదు.

కొట్టేసిన మాట నోటితో చెప్పాను. షేరు డిపాజిట్ కాదనీ, ధర పడితే ఎవరూ పూడ్చరనీ చెప్పాను. నర్సింహ నన్ను జాలిగా చూశాడు.

"పడితే పోయి బ్యాంకు మేనేజర్‌ను అడుగుతం. రోజూ కనబడెటోడే గద, యాడికి పోతడు?"

షేరు ధరతో ఆ మేనేజరుకున్న సంబంధం డీజిలు ధరతో బస్సు కండక్టరుకున్నంతేనని వివరించాను. వినయంగా విని, తన వాటాలో సగం పెట్టి నీలం బోర్డు షేర్లు కొన్నాడు. జంగయ్య మాత్రం కొనలేదు. నా మాట విన్నాడనుకుంటే పొరపాటు. "మా బ్యాంకును రెండో నంబర్ల పెట్టినవ్," అని అలిగి, పౌరుషంగా వెళ్లి పచ్చ బోర్డులోనే ఏడాదికి ఎఫ్.డి. చేశాడు.

2011లో బ్యాంకు షేర్లన్నీ జారాయి. నేను మెచ్చిన నీలం బోర్డు షేరు డిసెంబరుకు ముప్పై శాతం దిగింది. నర్సింహ నిజంగానే మేనేజరు దగ్గరికి వెళ్లాడు. ఆయన కుర్చీ వేసి, తానూ ఆ షేర్లే కొని పోగొట్టుకున్నానని చెప్పాడట. గడువు దాటితే బయానా పోతుంది గనుక నర్సింహ నష్టానికే అమ్మాడు. సగం వాటాలో ముప్పై శాతమంటే మొత్తంలో పదిహేను. ఎకరానికి నలభై గుంటల లెక్కన, అతని వంతు రెండెకరాల్లో పన్నెండు గుంటలు. ఆ లోటును జంగయ్య ఎఫ్.డి. వడ్డీతో, రెండు బర్రెలు అమ్మిన డబ్బుతో పూడ్చాడు. ఆ పన్నెండు గుంటలూ తన పేరనే రాయించుకున్నాడు.

2014లో బ్యాంకు షేర్లు మళ్లీ లేచాయి. నీలం బోర్డుది కొన్న ధరను దాటింది. పచ్చ బోర్డును ఏదో పెద్ద బ్యాంకు కొంటుందని పుకారు పుట్టి, నేను రెండో స్థానమిచ్చిన ఆ షేరు అంతకంటే ఎక్కువ పెరిగింది. ప్రసాదు నీలం బోర్డు వరకే లెక్క చూపి, మన నివేదిక ఫలించిందని పై ఆఫీసుకు రాశాడు. పదోన్నతి వచ్చింది. నివేదిక ఎవరికోసం రాశామో వాళ్ల దగ్గర అప్పటికి ఒక్క షేరూ లేదు.

ఆ ఏడాది నా రిటైర్మెంటుకు ముందు నర్సింహ మంఖాల్ రోడ్డు మీద కనిపించాడు. "మీరు చెప్పిందే పెరిగింది మేడం, మీ తప్పేం లేదు," అన్నాడు. "నా పన్నెండు గుంటల్ల మా అన్న కొత్తిమీర పెడ్తుండు. నాకు గూడ కట్ట ఇస్తడు, పైసలిస్తెనే."

రెండు బ్యాంకులలో ఏది మెరుగో లెక్క కట్టవచ్చు. ఏ షేరు ముందు పెరుగుతుందో నా పట్టిక చెప్పలేకపోయింది. రిజిస్ట్రేషన్ తేదీ మాత్రం మొదటిరోజే అందరికీ తెలుసు. తెలిసిన ఆ ఒక్క అంకెనే కొట్టేసి, మిగతావి దశాంశాలతో సహా అచ్చు వేశాం.