మెట్ల వంతెన మీద పుట్టిన వర్జ్యం

శ్రీరామచంద్రమూర్తిగారు ఆక్లాండ్‌లో పాతికేళ్ళుగా పౌరోహిత్యం చేస్తున్నారు. ఆయన చేయించిన పెళ్ళిళ్ళలో ఇప్పటికీ నిలిచి ఉన్నవే ఎక్కువ. నిరుడు కంటి డాక్టరు ఆయన డ్రైవింగుకు మంగళం పాడాడు. ఆ సంగతి పొక్కితే పిలుపులన్నీ కొత్త కారున్న కుర్ర పంతులు వంశీకృష్ణకే పోతాయని ఆయన బెంగ. అందుకే గుట్టుగా తాముండే మౌంట్ రాస్కిల్‌లో బస్సెక్కి, అది దిగి రైలెక్కి, రైలు దిగి మళ్ళీ బస్సెక్కేవారు. ఎవరైనా అడిగితే కారు వీధి మలుపులో పెట్టానని చెప్పేవారు.

ఆ ఆదివారం రవికిరణ్, ఆశాజ్యోతి దంపతుల గృహప్రవేశం. పంతులుగారు రైలు దిగారు. స్టేషన్ పేరు చెప్పి దాని పరువు తీయడం భావ్యం కాదు. బస్టాపు పట్టాలకు అవతల ఉంది. లిఫ్టుకు మాత్రం 'పనిచేయదు' అన్న కాగితం అంటించి ఉంది. ఇత్తడి హోమకుండం చంకన పెట్టుకుని, మోకాళ్ళను బతిమాలుకుంటూ ఆయన మెట్ల వంతెన ఎక్కారు. నడిమికి చేరేసరికి కింద బస్సు కదిలిపోయింది. రైలు కోసం ఒక్క క్షణం ఆగడం దాని ఆచారం కాదు. తరవాతి బస్సు ఇంకో గంటకు గాని లేదు. టాక్సీ యాప్ దగ్గరలో కార్లు లేవంది.

ఫోను మోగింది.

"ఎక్కడున్నారండీ పంతులుగారూ? ముహూర్తం దగ్గర పడుతోంది!" అంది ఆశాజ్యోతి.

"మొన్న చలికాలం వస్తోందని ఊరందరి గడియారాలూ గంట వెనక్కి తిప్పారు కదమ్మా. మళ్ళీ లెక్క వేస్తే ముహూర్తం మీద వర్జ్యం వచ్చి కూర్చుంది. అది దాటాకే ప్రవేశం."

"అయ్యో, వాన పడుతోందండీ. గరాజ్‌లో నిలబడొచ్చా?"

అబద్ధానికి కూడా శాస్త్రం ఉంటుంది. "గరాజూ ఇల్లేనమ్మా," అన్నారాయన గంభీరంగా.

ఆయన చేరేసరికి రవికిరణ్ నాయనమ్మ అనంతలక్ష్మి గొడుగు కింద దేవుడి పటం పట్టుకుని వణుకుతోంది. పటం తడవలేదు. ఆవిడ తడిసింది.

"మంచి పని చేశారు బాబూ. వర్జ్యంలో గడప దాటి ఉంటే ఇంకేమైనా ఉందా!"

హోమమంతా మంత్రానికీ మంత్రానికీ మధ్య ఆవిడ దగ్గు వినిపిస్తూనే ఉంది.

"ఇంత నిష్ఠగా ఎవరు చూస్తారండీ! మా ఆఫీసులో అందరికీ మీ నంబరే ఇస్తాను," అన్నాడు రవికిరణ్. "ఉండండి, కారుదాకా హోమకుండం మోసుకొస్తా."

"ఎందుకు నాయనా, మలుపులోనేగా."

మలుపులో ఉన్నది బస్టాపు. కాసేపటికి రవికిరణ్ కారు వచ్చి అక్కడే ఆగింది. నాయనమ్మను క్లినిక్‌కి తీసుకెళుతున్నాడు. ఆవిడ అద్దం దించింది.

"కారేదీ బాబూ?"

ఆయన హోమకుండాన్ని ఆ చంకనుంచి ఈ చంకకు మార్చుకున్నారు.

"పొద్దున నిజంగా వర్జ్యమేనా?" అంది ఆవిడే మళ్ళీ.

"కాదమ్మా. కళ్ళు సరిగా ఆనక కారు మానేశాను. స్టేషన్లో లిఫ్టు చెడింది. బస్సు వెళ్ళిపోయింది."

ఆవిడ చాలాసేపు దగ్గింది.

"ఆ ముక్క ఫోన్లో చెబితే మావాడు వచ్చి తీసుకొచ్చేవాడు కదయ్యా!"

రవికిరణ్ పంతులుగారి వైపు చూడకుండానే మీట నొక్కాడు. అద్దం పైకి లేచింది, కారు కదిలిపోయింది.