జనుము చేలో మస్తాన్ గారి సీతాకోకలు

నిన్న ఉదయం కాలేజీకి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. స్క్రీన్ మీద మస్తాన్ గారి పేరు.

"ఈసారి ఏం దొరికిందండీ?" అన్నాను, హలో కూడా అనకుండా.

అవతల వాళ్ళమ్మాయి. "నాన్నగారు పోయారండీ మేడం గారూ" అంది.

తెల్లవారుజామున గుండెపోటట. గుమ్మంలో చెప్పులేసుకుని ఎంతసేపు అలా నిలబడిపోయానో తెలియదు.

ఆయనది ఏలూరులో చిన్న ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, అదీ బతుకుతెరువు. ఖాళీ దొరికితే సీతాకోకచిలుకలు, దీపాలకి మూగే మాత్‌లు.

మొదట్లో అన్నీ రీలు కెమెరాలే. రీలుకి ముప్ఫై ఆరు ఫ్రేములు. పెళ్ళి అయిపోయాక చివర మూడో నాలుగో మిగిలేవి. వాటిని పురుగుల కోసం దాచుకునేవారు. అన్నీ ఒకే రీలు కాబట్టి అన్నీ కలిసే ప్రింటయ్యేవి.

మా చెల్లి పెళ్ళికి ఫోటోలు తీసింది ఆయనే. ప్రింట్లు తిప్పుతుంటే, అప్పగింతల ఫోటో వెనకే అరచెయ్యంత మాత్. షామియానా గుడ్డ మీద రెక్కలు పరుచుకుని.

"మా పిల్ల ఏడుస్తున్న ఫోటో పక్కన ఈ పురుగేంటండీ మస్తాన్ గారూ?" అంది అమ్మ.

"అదీ పెళ్ళికొచ్చిందేనండీ అమ్మగారూ. పిలవకుండా వచ్చింది, పాపం భోంచెయ్యకుండానే వెళ్ళిపోయింది."

జువాలజీ చెప్పే నాకు నవ్వు ఆగలేదు. ఆ రకం మాత్ రెక్కలొచ్చాక నిజంగానే ఏమీ తినదు. ఆయన అది తెలిసి అన్నారో, తెలియక అన్నారో!

అమ్మ ఆ ఫోటోని ఆల్బంలోనే ఉంచేసింది.

అలాంటి మనిషిని నేను మోసగాణ్ణి చేశాను.

తాడేపల్లిగూడెంలో మా కాలేజీలో ఫోటో ఎగ్జిబిషన్. జడ్జీల్లో నేనొకదాన్ని. ఆయన తెచ్చిన ఫోటోలో ఒక ఎండిపోయిన జనుము కాడ. దాని నిండా బ్లూ టైగర్ సీతాకోకలు, రెక్కలు ముడుచుకుని, ముప్ఫై దాకా. ఒక్క పువ్వు లేదు. ఒక్క పచ్చటి ఆకు లేదు.

సీతాకోక పువ్వు మీద వాలుతుంది గానీ ఎండుపుల్ల మీద ఎందుకు వాలుతుంది? చచ్చినవాటిని గమ్ముతో అంటించి తీశారన్నాను. అందరూ వింటుండగా. ఎమ్మెస్సీ చదివినావిడ అన్నాక కాదనేదెవరు?

"అవి బతికే ఉన్నాయండీ" అన్నారాయన. అంతే. ఫోటో తనే దించుకుని, పేపర్లో చుట్టుకుని, పాసింజరెక్కి వెళ్ళిపోయారు.

నా మాట ఆయనకన్నా ముందే ఏలూరు చేరింది. తోటి ఫోటోగ్రాఫర్లు "ఏం మస్తాన్, పెళ్ళికొడుకు మీసం కూడా నువ్వే అంటించావా?" అని ఏడిపించేవారట. ఇది చాలాకాలం తర్వాత వాళ్ళమ్మాయి చెబితే తెలిసింది.

మరుసటి ఏడు వరికోతలయ్యాక కాలేజీకి ఫోన్ చేశారు.

"రేపు ఆదివారం కదండీ. ఒక్క పూట రండి. నమ్మమని అడగట్లేదండీ, చూడమంటున్నాను."

వెళ్ళాను. తప్పు పట్టుకుందామనే వెళ్ళానేమో కూడా.

ముదినేపల్లి దాటి, కొల్లేరు వైపు, విత్తనానికి వదిలేసిన జనుము చేను. నిలువునా ఎండిపోయి ఉంది. కెమెరా చూసి ఆ రైతు, "ఇక్కడ పెళ్ళెవరికండీ?" అన్నాడు.

మంచు పడుతోంది. కాడల నిండా ఎండుటాకులు వేలాడుతున్నాయి. దీనికోసమా ఇంతదూరం రప్పించారు అనుకున్నాను.

ఎండ మెల్లగా చేను మీదకి పాకింది.

ఒక ఎండుటాకు తెరుచుకుంది.

నల్లటి రెక్క. దాని మీద లేతనీలం మచ్చలు.

తర్వాత పక్కది. తర్వాత ఆ వరసంతా. ఎండ ఎంతదాకా వెళ్తే అంతదాకా చేను తెరుచుకుంటూ పోయింది. వందలో వేలో నాకు తెలియలేదు. కొన్ని గాల్లోకి లేచాయి. చాలావరకు లేవనేలేదు, ఆ ఎండు కాడల్నే గీకుతూ పట్టుకుని ఉండిపోయాయి. ఒకటి వచ్చి నా మణికట్టు మీద వాలింది. ఊపిరి పీల్చడానికి భయమేసింది.

పదిహేనేళ్ళు బోర్డు మీద సీతాకోక జీవితచక్రం గీసినదాన్ని. గట్టు మీద చతికిలబడిపోయాను. ఏడాదికోసారి ఇంత జరుగుతుంటే నేనెక్కడున్నాను?

మస్తాన్ గారు కెమెరా నా చేతిలో పెట్టారు.

"మూడు ఫ్రేములున్నాయండీ. మీరే తియ్యండి. నేను తీస్తే గమ్ముతో అంటించానంటారు."

నవ్వుతూనే అన్నారు. మూడూ తీశాను. రెండు పాడయ్యాయి, ఒకటి వచ్చింది.

తర్వాత పుస్తకాలు తిరగేశాను. ఎండిన జనుములో ఉండే ఒక రసాయనం కోసం మగ సీతాకోకలు అలా వస్తాయట. జత కట్టడానికి వాటికది కావాలట. నా సబ్జెక్టే. నేను చదవని పేజీ. ఆయన చేలో నిలబడి తెలుసుకున్నారు.

సారీ చెప్పాను. కానీ నింద వేసింది నిండు హాల్లో, సారీ చెప్పింది ఇద్దరమే ఉన్న గట్టు మీద. కాలేజీలో కూడా చెప్పాలనుకున్నాను. పాత సంగతి, ఎవరికి గుర్తుంది అనుకున్నాను. స్టూడెంట్స్ ఏమనుకుంటారో అనుకున్నాను. ఏళ్ళు గడిచిపోయాయి. ఆయన ఒక్కసారీ అడగలేదు. పైగా ఏ కొత్త రెక్క కనిపించినా ముందు నాకే చూపించి "పేరు చెప్పండి మేడం గారూ" అనేవారు.

నిన్న ఆయన్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆయన ఎగ్జిబిషన్‌కి తెచ్చిన ఆ ఫోటో వాళ్ళమ్మాయిని అడిగి తెచ్చుకున్నాను. స్కాన్ చేసి ఈ గ్రూపులో పెడుతున్నాను. ఇది ఆయన కోసమో, నా మనసు తేలికపడటం కోసమో నాకే సరిగ్గా తెలియదు.

అయినా చెప్పాలి.

ఈ ఫోటోలో మోసం లేదు. ఇందులో ఉన్న ప్రతి సీతాకోకా ప్రాణంతో ఉన్నదే. తెలియకుండా తీర్పు చెప్పింది నేను. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. చదవండి. ఏలూరులో మీకు తెలిసిన ఫోటోగ్రాఫర్లకి కూడా చూపించండి.

సెలవండీ మస్తాన్ గారూ. మీరు పడుకున్న మట్టి మెత్తగా ఉండాలి, మీకు శాంతి దొరకాలి.