మండవల్లి క్యాసెట్టులో ముసలావిడ

వట్లూరులో మా కాలేజీలో నాలుగు క్లాసులు చెప్పి, ఓపిక లేకపోయినా ఆన్‌లైన్ పాఠం రికార్డింగుకి కూర్చున్నాను. నెత్తిమీద లైటు కళ్లలో గుచ్చుకుంటోంది.

"లైటుకి అడ్డంగా కట్టే తెల్లగుడ్డ మర్చిపోయామండీ మేడం, ఈ పూటకి సర్దుకోండి" అన్నాడు కెమెరా అతను.

అలాంటి లైటే మండవల్లిలో మావయ్య గృహప్రవేశానికి తెచ్చారు. అప్పుడు నాకు ఏడేళ్లు. వీడియో ఆయన చుట్టాలందరినీ తీస్తున్నాడు. అమ్మ మాత్రం తెల్లవారుజాము నుంచి పెరట్లో వంటపాకలోనే ఉంది. ఆయన్ని చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్లాను.

"మా అమ్మని కూడా తియ్యండి!"

ఆయన లైటు పైకెత్తి పట్టుకున్నాడు. గారెలు వేస్తున్న అమ్మ, "ఇప్పుడెందుకండీ, మొహమైనా కడుక్కోలేదు" అంటూనే తలెత్తింది.

క్యాసెట్టు వచ్చాక ఏలూరులో మా ఇంట్లో అందరం కూర్చుని చూశాం. వంటపాకలో ఎవరో ఒకావిడ. కళ్లకింద నల్లటి గుంటలు, లోపలికి పోయిన బుగ్గలు.

"ఈ ముసలావిడెవరు? అమ్మని తియ్యమంటే ఈవిడని తీశాడేంటి?" అని ఏడుపు లంకించుకున్నాను.

అందరూ పడీపడీ నవ్వారు. అమ్మ కూడా నవ్వి, పొయ్యిమీద పాలున్నాయంటూ లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎవరింటి పెళ్లి క్యాసెట్టులోనూ అమ్మ కనబడదు. అప్పటికి ఆవిడకి ముప్పై కూడా నిండలేదు.

"చూడండి మేడం, బాగానే వచ్చింది" అంటూ కెమెరా అతను స్క్రీను నావైపు తిప్పాడు. కళ్లకింద అవే నల్లటి గుంటలు, అవే లోపలికి పోయిన బుగ్గలు.

ఈసారి ఆవిడెవరని ఎవరినీ అడగక్కర్లేకపోయింది.