పున్నమి గది

ఆ పిల్లల వసతిగృహంలో పెద్దమ్మ మాటకు తిరుగులేదు. జీతం ఆయాది, పెత్తనం ఇంటావిడది. పిల్లలకు తలలు దువ్వేదీ, జ్వరమొస్తే పక్కన కూర్చునేదీ ఆవిడే. పున్నమి వస్తే పిల్లలకు పూనకం వచ్చినట్టవుతుందని అందరికీ నూరిపోసిందీ ఆవిడే. అందుకే ఆ రోజు ఎండ వాలకముందే ఆటలు కట్టించి, కిటికీలకు మందపాటి తెరలు దించి, అందరిలోకీ దుడుకైన పిల్లను సామాన్ల గదిలో పెట్టి గడియ వేసేవారు. వెన్నెల సోకకూడదట. ఏ అధికారంతో వేస్తున్నారని ఎవరూ అడగలేదు. ప్రేమగా వేసిన గడియను నిర్బంధమని ఎవరంటారు?

ఈ ఏడాది ఆ దుడుకు పిల్ల పిచ్చుక. దానికి నోరు మూతపడదని పెట్టిన పేరు. గడియ పడినప్పుడల్లా గొంతు బొంగురుపోయేదాకా అరిచింది, గోళ్లు చిట్లేదాకా తలుపు గీరింది. మతిస్థిమితం లేని పిల్లల్ని ఉంచే చోటికి దాన్ని పంపెయ్యాలని కొత్త వార్డెన్ పట్టుబట్టింది. దానిమీద విచారణకు వచ్చే పిల్లల సంక్షేమ సంఘం ముందు సాక్షి పెద్దమ్మే.

విచారణకు ముందురోజే మళ్లీ గడియ వేసే రోజు వచ్చింది. మునిమాపు వేళ, కింద పిచ్చుక అరుస్తుండగా, ఆరేసిన దుప్పట్లు తేవడానికి పెద్దమ్మ డాబా ఎక్కింది. మబ్బు తునకైనా లేదు. చుక్కలు పొడిచాయి. చంద్రుడు మాత్రం ఎటు చూసినా లేడు.

వెనకే వచ్చిన వంటమనిషి నవ్వింది. "అమావాస్య నాడు చంద్రుణ్ణి వెతుకుతున్నావేంటక్కా? కళ్లజోడు మార్చు."

క్యాలెండర్‌లో నల్ల గుండ్రం ఉంది కదా అంది పెద్దమ్మ. నల్లది అమావాస్యకనీ, పున్నమికి తెల్ల సున్నా వేస్తారనీ చెబుతూ చెబుతూ వంటమనిషి నవ్వు మానేసింది. పాత వార్డెన్ ఉన్నన్నాళ్లూ తేదీ ఆవిడే చెప్పేది. ఈ ఏడాది పెద్దమ్మ తానే చూసుకుంది. తెరలు దించుకుని కూర్చున్నవాళ్లు ఆకాశం చూస్తే కదా! అసలు పున్నములేమో, వెలుతురు బాగుందని పిల్లల్ని పెరట్లో మరికాసేపు ఆడనిచ్చినవి. పిచ్చుక తాడాట ఆడి, అలిసి, బుద్ధిగా నిద్రపోయిన రోజులవి.

పెద్దమ్మ వెళ్లి చెబితే, ఈ సంగతి బయటపెడితే ముందు పోయేది నీ ఉద్యోగమేనని కొత్త వార్డెన్ హెచ్చరించింది. అయినా మర్నాడు సంఘం ముందు పెద్దమ్మ నిలబడి చెప్పింది. "అది అరిచింది చంద్రుణ్ణి చూసి కాదయ్యా, గడియకి. ఆ గడియ వేసింది నేను."

సంఘం పిల్లను పంపడం ఆపింది. ఆపి, ఇకమీదట పున్నమి తేదీని సరిగ్గా నిర్ధారించుకోవాలని ఆదేశించింది. గడియ గురించి ఒక్క ముక్క లేదు. ఒక పసిపిల్ల స్వేచ్ఛను హరించిన నేరం చదువుకున్నవాళ్ల చేతుల్లో పడి తేదీల పొరపాటుగా తేలింది.

పెద్దమ్మ స్క్రూడ్రైవర్ తెచ్చి ఆ గడియను తానే ఊడదీసింది.

తర్వాతి పున్నమి సాయంత్రం పిల్లలంతా పెరట్లో ఉంటే పిచ్చుక కనిపించలేదు. వెతగ్గా సామాన్ల గదిలో, మోకాళ్లు కావలించుకుని కూర్చుని ఉంది.

"బయటికి రా తల్లీ, ఆడుకుందువు గాని."

"వద్దు పెద్దమ్మా. ఇవాళ నిజం పున్నమంటగా. తలుపెయ్యి. నేనెవర్నైనా కొట్టేస్తానేమో."

పెద్దమ్మ గుమ్మంలో చతికిలబడి, తలుపు మూసుకుపోకుండా వీపు ఆనించి కూర్చుంది.