గులాబీ రంగు తిరిగిన బ్యాడ్జి

ఆ రోజుల్లో మా సంఘంలో మనిషి ఎవరో ముఖం చూసి కాదు, బ్యాడ్జి చూసి తెలుసుకునేవాళ్ళం. మిరప కోతలు అయ్యాక నల్లపాడు అవతల పందిరి వేసి మూడు రోజులు సభలు పెడితే, నీళ్ళిచ్చేవాళ్ళకు నీలం రిబ్బను, భోజనాల దగ్గర పసుపు, ప్రార్థన బృందానికి తెలుపు. ఆ తెల్లదానికి జానెడేసి తోకలు రెండు వేలాడేవి. ఇరవయ్యేళ్ళ వయసులో నాకు పరలోకం మీద ఎంత ఆశో, ఆ తోకల మీదా అంతే ఆశ. (నలుగురూ చూడాలని చెంగులు పొడుగు చేసుకుని తిరిగే పరిసయ్యుల గురించిన బైబిలు పాఠం సండేస్కూల్లో చెప్పేది నేనే. అది పిల్లల పాఠం అనుకునేదాన్ని, నాది కాదు.)

ఆ ఏడు అమ్మగారు, అంటే మా పాస్టరుగారి భార్య, నా ఎడమ భుజం మీద తెల్ల బ్యాడ్జి గుచ్చి, "ఒక్కరినైనా మోకాళ్ళ మీదికి తీసుకురావాలమ్మా" అన్నారు. ఆ ఒక్కరూ మా పెద్దమ్మే కావాలని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను. పెద్దమ్మ సభలకు వచ్చేది, పాటలు వినేది, వాక్యం, అంటే ప్రసంగం, మొదలుకాగానే చీర దులుపుకుని లేచిపోయేది. ఎవరి చావుకూ కన్నీరు పెట్టని మనిషి. ఆమెకు చూపించాలని బ్యాడ్జితోనే మిరప కల్లానికి వెళ్ళి, పక్కన కూర్చుని పొద్దువాలేదాకా కాయలకు తొడిమలు తీశాను.

"ఏమే, లేగదూడలాగా ఆ తోకలేంటే?"

"ప్రార్థన బ్యాడ్జి పెద్దమ్మా. ఇవాళ నువ్వు ముందుకు రావాల్సిందే."

"వస్తే నోరు మూస్తావా?"

"మూస్తాను."

తెల్ల రిబ్బను కాస్త గులాబీ రంగు తిరిగింది. ఎండకేమో అనుకున్నాను. ఇంటికెళ్ళి స్నానం చేసి, చేతులు రెండుసార్లు సబ్బుతో తోమి, ఉతికిన చీర కట్టి, బ్యాడ్జి మాత్రం అదే గుచ్చుకుని పరుగెత్తాను.

పాటలయ్యాక, వాక్యానికి ముందు, ప్రార్థన కావలసినవాళ్ళను పిలవడం మా దగ్గర ఆనవాయితీ. పెద్దమ్మ నిజంగానే వచ్చి మోకరించింది. ఆమె తల నా ఎడమ భుజానికి గట్టిగా అదుముకుని ప్రార్థన అందుకున్నాను. రెండు మాటలైనా కాకముందే ఆమె కళ్ళు ధారలు. ముక్కు కూడా. పందిరంతా స్తోత్రాలతో మోగిపోయింది. "ఇన్నేళ్ళ రాయి కరిగింది!" అని పాస్టరుగారు ఎలుగెత్తి, మైకు నా చేతికిచ్చారు. "ఏమని ప్రార్థించావో నువ్వే చెప్పమ్మా!"

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ నా చెవిలో బుసకొట్టింది. "ఒసేయ్, కారం! నీ తోకల నిండా కారమేనే!"

నేను అబద్ధం చెప్పనక్కర్లేదు, "స్తోత్రం" అని ఊరుకుంటే చాలు. ఏటేటా తెల్ల బ్యాడ్జి నాదే. ఎంత మొండిగా ఆ బ్యాడ్జి కోరుకున్నానో అంత మొండిగానూ కళ్ళు మూసుకుని, "అది నా ప్రార్థన కాదండీ. మిరపకారమండీ" అనేశాను. ముందు వరసల్లో మొదలైన నవ్వు వంటపందిరి దాకా పాకింది. బ్యాడ్జి ఊడదీసి అమ్మగారి చేతిలో పెట్టాను. ఆవిడ గంభీరంగా ఏదో అనబోయి మూడుసార్లు తుమ్మారు.

పెద్దమ్మ కళ్ళు కడుక్కుని వచ్చి మళ్ళీ చాప మీద కూర్చుంది. వాక్యం మొదలైంది. లేవలేదు.

"ఇంకా ఉన్నావేంటి పెద్దమ్మా?"

"నిజం చెప్పేది ఒకతె ఉందిగా ఇక్కడ. మిగతావాళ్ళేం చెబుతారో విందామని. నోరు మూస్తానన్నావు, మూసెయ్."

ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆమె వాక్యం మధ్యలో లేవలేదు. ఇప్పుడు సభలకు బ్యాడ్జీలు గుచ్చేది నేనే. కల్లం నుంచి వచ్చే పిల్లలకు ముందు కొత్త రిబ్బను, తర్వాతే ఉపదేశం. అమ్మగారు మూడో రోజున తిరిగిచ్చిన ఆ పాతది నా బైబిల్లో ఉంది. సభల ముందురోజు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఘాటు ఎప్పుడో పోయింది, ఎంత గట్టిగా పీల్చినా తుమ్ము రాదు. అయినా ఏటా పీలుస్తూనే ఉంటాను, మొండిదాన్ని కదా.