నేనే పెంచిన కారు ధర

ఆ కారు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం.

ఎనభైల మొదట్లో నరసరావుపేటలో నాకు చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. నాదెండ్ల దగ్గర ఒక పెద్దమ్మ కొట్టంలో తెల్లదొరల కాలంనాటి కారు ఉందని తెలిసి వెళ్లాను. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. ఇంజను మాత్రం పైకి చెక్కుచెదరనట్టే ఉంది.

"రెండు వేలిచ్చి తోలుకుపో నాయనా" అంది. వారంలో వస్తానన్నాను.

ఆ సాయంత్రం టీ బంకు దగ్గర నా నోరు ఊరుకోలేదు. "మద్రాసు సేటు ఒకాయన పాత కార్ల కోసం ఊరూరా గాలిస్తన్నాడు. అయిదు వేలైనా కళ్లకద్దుకుని కొంటాడంట. అట్టాంటి బండిని ఈ రోడ్డు మీద నేను తోలతా, చూడండి" అన్నాను.

"నువ్వు చెప్పినవాట్లో ఒక్కటన్నా జరిగిందా బావా?" అన్నాడు బంకు అతను. అందరూ నవ్వారు. ఆ మాట గుచ్చుకుంది. ఈ ఒక్కటీ జరిగి తీరాలనుకున్నాను.

వారం తర్వాత వెళ్తే కోళ్లు లేవు. కారు కడిగి దుప్పటి కప్పి ఉంది.

"అయిదు వేలు. మద్రాసు సేటు వస్తన్నాడంటగా."

నా కథ నాకన్నా ముందే బస్సెక్కి వచ్చేసింది! "సేటూ లేడు, గీటూ లేడు పెద్దమ్మా! నేనే కల్పించా" అని మొత్తుకున్నాను.

"కొనేవోడు ఇట్టాగే అంటాడులే. ఏంది, నేను పిచ్చిదాన్లా కనపడతన్నానా?"

బుద్ధెరిగాక నేను చెప్పిన మొదటి నిజం అది. ఎవరూ నమ్మలేదు. మూడోసారి వెళ్లేసరికి ధర ఎనిమిది వేలు. సేటుకి పోటీగా ఆయన తమ్ముడు కూడా బయల్దేరాడట. ఆ తమ్ముణ్ణి మాత్రం నేను పుట్టించలేదు.

ఇంకో అబద్ధం పుట్టకముందే నా కొత్త స్కూటరు అమ్మి డబ్బు ఆమె చేతిలో పెట్టాను. మూడు నెలలు ఆ కొట్టంలోనే కూర్చుని ఇంజను విప్పాను, బిగించాను, మళ్లీ విప్పాను. ఆమె రోజూ మజ్జిగ ఇస్తూ, "సేటు ఇంకా రాలేదేందిరా?" అని అడిగేది.

చివరికి ఒకరోజు కారు ఉరుముతూ బయల్దేరి, దారిలో ఎక్కడా ఆగకుండా వచ్చి టీ బంకు ముందు నిలబడింది. బంకు అతను గ్లాసు కడగడం మరిచిపోయాడు.

ఇక ఒప్పుకోవాలి. ఆ ఉరుముతూ బయల్దేరడం, ఎక్కడా ఆగకపోవడం కల్పన. ఆ పొద్దున ఇంజను చానాసేపు మొండికేసింది. నరసరావుపేట పొలిమేర దాకా రెండెడ్లు లాగాయి. అక్కడ పగ్గాలు విప్పించి, ఎడ్లను వెనక్కి పంపి, కారు ముందు భాగంలో హ్యాండిల్ దూర్చి తిప్పాను. పదకొండోసారికి ఇంజను అందుకుంది.

అక్కణ్ణుంచి టీ బంకు దాకా అర మైలు. ఆ అర మైలూ నిజం.